దండెం కింది వంకాయ చెట్టు

హలో… ఆ, నేనే అక్కా. పొద్దుగాల్నుంచి చేస్తుంది నేనే. నువ్వే ఎత్తుతలేవు.

… చేన్ల ఉన్నవా? … పత్తి చేన్లనా? … మరి జర నీడకు రా. నీతోని పని పడ్డది.

… పైసలు కాదు. … అక్కా, పైసలు కాదంటున్న గద. … అమ్మ మంచిగనే ఉన్నది, నిన్ననే మాట్లాడిన. … పరీక్ష గూడ వాయిదా పడలే. పడితె నాకంటె ముందు మన ఊరోళ్లకే తెలుస్తది.

ఇది నీ డ్యూటీ పని. నువ్వు వ్యవసాయ విస్తరణ అధికారివి గద? … ఆ. మరి ఇక్కడ చెట్లు చస్తున్నయ్. వంకాయ చెట్లు.

… ఇక్కడ అంటె ఇక్కడనే, చిక్కడపల్లిల. మా రూమ్ ముంగట. … చిక్కడపల్లిల ఎవుసం ఏందంటె… డాబా మీద అక్కా. కుండీలల్ల.

… నవ్వు. నవ్వుడు అయినంక చెప్పు, నేను లైన్ల ఉంట.

… అయిందా? … ఇంకా కాలేదా.

మంజులక్కా, ఇంటాయన మమ్మల్ని నెలాఖరుకు రూమ్ ఖాళీ చెయ్యమన్నడు. … కిరాయి కాదు, కిరాయి టైముకే ఇస్తున్నం. చెట్లను మేమే చంపినమట. … ఆ. ఇప్పుడు నవ్వుత లేవు చూడు.

పూజ అయినంక సార్ పైకి వస్తడు. ఆయన వచ్చేలోపట గీ చెట్లు దేంతోని చస్తున్నయో నాకు తెల్వాలె. గంతే. తెలిస్తె రూమ్ ఉంటది, లేకపోతె లేదు.

… దక్షిణామూర్తి సార్. రిటైరైన ఆడిట్ ఆఫీసర్. … ఆంధ్ర దిక్కు వాళ్లే, గని వాళ్ల నాయిన కాలం నుంచి ఇక్కడనే. అంకుల్ అంటె ఉరిమి చూస్తడు, సార్ అనాలె. … లేదు, మనిషి చెడ్డోడు కాదు. మేము వచ్చినప్పటి నుంచి ఒక్క కిరికిరి లేదు. నీళ్లు మస్తు. రోడ్డు మీది లొల్లి పైకి వినరాదు. లైబ్రరీకి నడిచి పోతం. పెంట్‌హౌజ్ అంటరు గని రేకుల గదే. అయినా గాలి ఉన్నది, వెలుతురు ఉన్నది.

… వేరే చూస్కో అంటె… చూసిన అక్కా. అశోక్‌నగర్ల హాస్టళ్లు నువ్వు చూడలే. మన మంచం దిగితె పక్కోని మంచం మీదనే దిగాలె. బాగ్ లింగంపల్లి దాక తిరిగిన, బర్కత్‌పుర గూడ పోయిన. పరీక్ష ముంగట రూమ్ ఖాళీ చేసే పిచ్చోడు ఎవడుంటడు? ఎవడన్న ఉంటె గది మేమే.

నాకు భయం అయితున్నది. పుస్తకం తీస్తె అక్షరాలు కనబడ్తున్నయ్, తలకాయలకు పోతలేవు.

… ఏడుస్తలేను. జలుబు.

సరే, విను. మేమెట్ల చంపినమంటె… శ్రీశైలం లేడా, నా రూమ్‌మేట్, ఆసిఫాబాద్ దిక్కు పిలగాడు? వానికి తెల్లబట్టల పిచ్చి. బనీన్లు, అంగీలు అన్ని బ్లీచింగ్ పౌడర్ల నానబెట్టి ఉతుకుతడు. ఇంటర్వ్యూకు తెల్లంగీ ఉండాలెనట. గ్రూప్ టూకు ఇంటర్వ్యూ తీసేసిన్రురా అని చెప్పిన. అలవాటు మంచిదే గద అంటడు.

సార్ ఏమంటడంటె, ఆ బ్లీచింగ్ నీళ్లు డాబా మీద పారి కుండీలల్లకు పోయినయ్, వేర్లు కాలినయ్ అని. … పోలేదు. కుండీలు ఇటికెల మీద ఉన్నయ్. నీళ్లు ఇటికెలు ఎక్కుతయా? … గదే నేనన్న. "వాదించకు" అన్నడు.

… ఎట్ల చస్తున్నయంటె… పొద్దుగాల మంచిగుంటది. ఎండ పడంగనే తల వాలేస్తది. పొద్దూకినంక మల్ల లేస్తది. మేము సంబురపడ్తం. తెల్లారి మల్ల వాలేస్తది. ఇగ లేవది.

… పసుపు రంగా? లేదు. ఆకు పచ్చగ ఉండంగనే పోతున్నది. … మచ్చలు లేవు. … పురుగు గూడ లేదు, శ్రీశైలం ఆకు ఆకు తిరగేసి చూసిండు. ఒక్క మిడుత దొరికింది. అది గూడ వాణ్ని చూసి పోయింది. … నీళ్లు ఎక్కువ కాలేదు. సార్ చెంబుతోని కొలిచి పోస్తడు. ఆడిట్ ఆయన గద.

… ఏందీ? కొయ్యాల్నా? … చచ్చినదాన్నా, చచ్చేదాన్నా? … నిన్న వాలింది ఒకటున్నది. … మొదటికా?

అక్కా, సార్ చెట్టును నేను కోస్తుంటె సార్ చూసిండనుకో, నెలాఖరు దాక గూడ ఆగడు. … ఎట్లయిన చచ్చేదే అంటవు. నువ్వంటవు. ఆయన అనాలె గద.

… సరే, సరే. కోస్త.

— ఒరేయ్ శ్రీశైలం! కత్తి తే. … ఏంది, కత్తి లేదా? మరి ఉల్లిగడ్డ దేంతోని కోస్తున్నం ఇన్ని దినాలు? … బ్లేడా. — అక్కా, బ్లేడుతోని అయితదా? … అయితదటరా, తే. గ్లాసు గూడ తే. … స్టీలుది వద్దట. లోపల కనబడాలెనట. సీసది తే. … సెంటు సీస కాదురా, గ్లాసు! — అక్కా, చాయ్ గ్లాసు ఒకటున్నది. ఇరానీ హోటల్ది. … అది మా రూమ్‌కు ఎట్ల వచ్చిందో నువ్వు అడుగద్దు. … కడిగిందే. — కడిగినవారా? — కడుగుతున్నడు.

కోసిన. … లోపలనా? జర గోధుమ రంగు కనబడ్తున్నది, అంచు పొంటి. … పిండాల్నా? … ఆగు… పిండుతున్న… ఏదో వస్తున్నది అక్కా. తెల్లగ, జిగటగ. చీమిడి లెక్క.

… సారీ. తింటున్నవా? … మరి తినుకుంట ఎందుకు అడుగుతవు?

ఆ, గ్లాసుల నిండ నీళ్లు పోసిన. … కోసిన కొస నీళ్లల్ల మునగాలె, అడుగుకు తాకద్దు. … దారం లేదు. — శ్రీశైలం, దండెం మీది క్లిప్పు ఒకటి ఇటియ్యి. … బనీను పడితె పడనియ్‌రా! — పెట్టినం. కాడను క్లిప్పుతోని గ్లాసు అంచుకు పట్టించినం. వేలాడుతున్నది.

… కదిలిస్తలేను. … చూస్తున్న. … ఏం లేదు. … ఏం లేదు. … అక్కా, ఎంత సేపు? … జరసేపు అంటె ఎంత? మీ డిపార్ట్‌మెంట్ జరసేపు వేరే ఉంటది.

… ఆ లోపట ఏం చెప్పాలె? … చెట్లు ఎవరు పెట్టిన్రంటవా? సార్ కాదు. ఆంటీ. హైమవతి ఆంటీ, సార్ భార్య. గింజలు వాళ్ల చుట్టాల తానికెల్లి తెప్పించుకొని నారు పోసుకున్నది. తెల్ల వంకాయ. ఇక్కడ దొరకదట. గంతల్నే మోకాళ్ల ఆపరేషన్ అయింది. ఇగ మెట్లు ఎక్కద్దన్నరు. అప్పటి నుంచి సార్ చూసుకుంటుండు. ఆయనకు ఇంతకుముందు తులసి చెట్టు ఏదో, పుదీన ఏదో తెల్వది. ఇప్పుడు పేపర్ చదువుడు ఇడిసిపెట్టి వీడియోలు చూస్తడు. కొమ్మలు ఎట్ల కత్తిరించాలె, ఎరువు ఎట్ల కలపాలె… నోట్స్ రాసుకోకపోతె ఒట్టు. మాకంటె ఎక్కువ ప్రిపేర్ అయితుండు.

… ఆంటీకి ఏం తెల్వది. చెట్లు మంచిగున్నయనే అనుకుంటున్నది. … ఎట్లంటె… నేను నీకొక్కదానికే చెప్తున్న, ఎవరితోని అనకు.

మొన్న నారాయణగూడ మార్కెట్ల సార్‌ను చూసిన. ముక్కు దాక మాస్కు, తల మీద ఉలన్ టోపీ. గీ ఎండల. వంకాయలు ఏరుతుండు. నేను పోయి నమస్తే సార్ అన్న. అనకపోతె బాగుండేది. "మందుల షాపుకు వచ్చానయ్యా" అన్నడు. రెండు చేతులల్ల వంకాయలున్నయ్.

నేను ఏమంట? మందులు దొరికినయా సార్ అన్న.

తర్వాత ఏమైందంటె… నేను మెట్లు ఎక్కుతున్న, సార్ నా ముంగటనే ఎక్కుతుండు. సక్కగ పైదాక ఎక్కిండు. డాబా మీద జరసేపు నిలబడ్డడు. మల్ల దిగిండు. దిగి ఆంటీ చేతిల పెట్టిండు వంకాయలు. "ఇవాళ మన చెట్లకు కాసినవి హైమా" అన్నడు. నా చెవులార విన్న.

… ఆ. దినాం గదే పని.

… అవు, నల్లవి. నేనూ గదే చూసిన. చెట్టు తెల్ల వంకాయది, తెచ్చింది నల్ల వంకాయలు. ఊరందరి లెక్కలు చూసినాయన గది చూసుకోలే. … ఆంటీనా? "మన చెట్టు కాయ మన చెట్టు కాయేనండీ" అని లోపలికి తీస్కపోయింది. అద్దాలు పెట్టుకోలేదనుకుంట.

… ఆగు. ఆగాగు.

అక్కా, వస్తున్నది. కాడ కొసకెల్లి… తెల్లగ… సన్నగ దారం లెక్క. కిందికి దిగుతున్నది. పొగ తలకిందులు లేసినట్టు. — శ్రీశైలం, ఇటు రారా, చూడు! — ఇంకోటి వస్తున్నది. నీళ్లు పాలు పాలు అయితున్నయ్.

… ఏంది గది? … బ్యాక్టీరియా? … గంత… గా దారమంతనా? … కోట్లు కోట్లా?

అక్కా, నేను గిది బిట్ చదివిన. "క్రింది వానిలో బ్యాక్టీరియా వలన రానిది." వరి ఎండాకు తెగులు, నిమ్మ గజ్జి తెగులు, పత్తి నల్లమచ్చ తెగులు, వరి అగ్గి తెగులు. అగ్గి తెగులు జవాబు, అది బూజు. మాడల్ పేపర్ల నాకు మార్కు గూడ వచ్చింది. గని బ్యాక్టీరియా గిట్ల చాయ్ గ్లాసుల దిగుతదని ఏ పుస్తకంల లేదు.

… ఎండు తెగులు. … చెట్టు నీళ్లు తాగే గొట్టాలల్ల నిండిపోయిందా. అందుకే మొదట్ల నీళ్లు పోసినా కొసకు ఎక్కుతలేవు. … పాపం. నీళ్లల్ల ఉండి దూప తోని చచ్చినయన్నట్టు.

… మందు ఏం కొట్టాలె? … లేదా? … ఏదీ? … సార్ వేపనూనె కొట్టిండు, పుల్ల మజ్జిగ కొట్టిండు, ఇంకోటేదో నీలం రంగుది గూడ కొట్టిండు. … ఏదీ పనిచెయ్యది. … పీకి కాలబెట్టాలె, మట్టి గూడ తీసెయ్యాలె. ఆ మట్టిల మల్ల వంకాయ, టమాట, మిరప పెట్టద్దు. … ఆ, ఆ. మనుషులకు? … ఏం కాదా. — శ్రీశైలం, మనకేం కాదట. చేతులు కడుగుడు ఆపు, సబ్బు అయిపోతది.

అయితె అక్కా… బ్లీచింగ్ కాదు! మేము కాదు! రూమ్ దక్కింది! సార్‌కు గీ గ్లాసు చూపిస్త, కథ ఖతం. నీకు…

… ఏంది?

… ఒక చెట్టుకెల్లి ఇంకో చెట్టుకు ఎట్ల పోయిందంటె… పక్కపక్కకు ఉన్నయ్ గద, పోయి ఉంటది. … ఎగరదా. … దేని కుండీ దానికి వేరు. మట్టి కలవది. … నీళ్లు పైనుంచే పోస్తడు, ఒకదాని నీళ్లు ఇంకోదాంట్లకు పోవు. … మరి ఎవరో మోసుకపోవాలె అంటవు. ఎవరు మోస్తరు?

… కత్తినా?

… కత్తి ఉన్నది. ఆంటీ కూరగాయలు కోసే కత్తి, చెక్క పిడిది. సార్ దినాం పొద్దుగాల తెస్తడు. పక్క కొమ్మలు తీస్తె కాపు ఎక్కువస్తదని వీడియోల చెప్పిన్రట. … కడుగుడా? … ఒక చెట్టు కోసి ఇంకో చెట్టు కాడికి పోయే నడుమ? … లేదు. నేను చూడలే. వరుసగ కోస్కుంట పోతడు. మెట్ల కాడ మొదలు పెట్టి ఆ చివరికి.

… మొదలు ఏది చచ్చిందంటె… మెట్ల కాడిది.

… దాని తర్వాత దాని పక్కది.

… దాని తర్వాత…

అక్కా. వరుసనే. బడిల హాజరు పిలిచినట్టు పోయినయ్.

… బతికింది ఉన్నది, ఒక్కటే. ఆ చివర, దండెం కింద. … దాని కాడికి సార్ పోడు. శ్రీశైలం చెడ్డీలు ఆరేస్తడు గద దాని మీద. సార్‌కు పడది. అటు దిక్కు మొఖం గూడ తిప్పడు, ఆ ఒక్కటి ఇడిసిపెట్టి వెనుకకు మర్లుతడు. … ఆ, ఉతికిన నీళ్లు కారేది గూడ దాని మీదనే. … ఎట్లున్నదంటె, మస్తుగున్నది. ఆకులు నా అరచేయంత ఉన్నయ్. ఒక కాయ గూడ ఉన్నది. తెల్లది.

… అంటె సార్ చేతుల్తోనే…

అయ్యో.

నేను చెప్పను అక్కా. … ఎట్ల చెప్త? ఆయన చెట్లను చూస్తుంటె నువ్వు చూడలే. ఒక్కొక్కదాని కాడ నిలబడి, అద్దాలు తుడుచుకొని, కొమ్మ పట్టుకొని, ఎక్కడ నొప్పి అయితదో అన్నట్టు కోస్తడు. గసువంటి మనిషికి పోయి, సార్ గివన్ని మీరే చంపిన్రు అనాల్నా? … బ్యాక్టీరియా అని ఊకుంటె సరిపాయె గద. కత్తి ముచ్చట ఎందుకు?

… మల్ల కొత్త నారు తెచ్చి గదే కత్తి పెడ్తడా. … పెడ్తడు. గది నిజం. … దండెం కింది దాన్ని గూడ రేపో మాపో కోస్తడు.

… అక్కా, నాకు నాలుగు ఆప్షన్లు ఇయ్యి. ఏదో ఒకటి పెడ్త. … ఒక్కటే ఉన్నదా.

… ష్. మెట్ల మీద చెప్పుల సప్పుడు. వస్తున్నడు. ఫోన్ పెట్టెయ్యకు, లైన్లనే ఉండు.

నమస్తే సార్.

… లేదు సార్, చదువుకుంటనే ఉన్నం సార్. … ఫోన్ల మా అక్క సార్. వ్యవసాయ శాఖల చేస్తది. … చెట్టును కోసింది… మేమే సార్. … సార్, ఒక్క నిమిషం. … సార్, సామాన్లు ఎందుకు సార్ ఇప్పుడే… జర గీ గ్లాసు చూడున్రి సార్. … తాగకండి సార్! అది చాయ్ గ్లాసే, లోపల ఉన్నది బ్యాక్టీరియా సార్. … కాడకెల్లి దిగుతున్నది సార్, గా తెల్ల దారం. … వెలుతురుకు పెట్టి చూడున్రి.

… అవు సార్. బ్లీచింగ్‌తోని అయితె గిట్ల రాదట. … మందు లేదట సార్ దీనికి. మీరు ఏం కొట్టినా తగ్గది. … నిజం సార్, మా అక్క దినాం గదే చూస్తది.

… ఎట్ల అంటుకున్నదంటె… సార్, మీరు పొద్దుగాల కొమ్మలు కోస్తరు గద? … మెట్ల కాడికెల్లి మొదలు పెడ్తరు గద సార్? … దేంతోని కోస్తరు?

… ఆ. మీ చేతిల ఉన్నదాంతోనే.

సార్? … సార్, కూసోండి. — శ్రీశైలం, బకెట్ బోర్లెయ్. — కూసోండి సార్.

అక్కా, ఉన్నవా? … మెల్లగ మాట్లాడ్తున్న. నేను మొత్తం చెప్పలే. కత్తి దిక్కు చూసిండు, మెట్ల కాడి కుండీ దిక్కు చూసిండు. గక్కడికెల్లి ఒక్కొక్కటే చూసుకుంట చివరి దాక పోయిండు. దండెం కాడ ఆగిండు. ఆడిట్ చేసినాయన గద, ఒక్కసారి చూస్తె సాలు. … కత్తిని ధోతి అంచుతోని తుడుస్తుండు. తుడిచిందే తుడుస్తుండు.

… ఏమని చెప్పాలె? … చెప్త. — సార్, మా అక్క చెప్తున్నది, ఎన్నేండ్ల నుంచి ఎవుసం చేసేటోళ్లు గూడ గిదే చేస్తరట. ఒక తోట అంత పోయినంక తెలుస్తదట. … నిజం సార్, మిమ్ముల ఓదార్చెటందుకు కాదు.

… ఏమన్న అన్నరా సార్?

… ఆంటీ చెట్లా. అవు సార్. … తెల్సు సార్.

… నిజంగనా సార్? ఖాళీ చెయ్యద్దా? … మస్తు థ్యాంక్స్ సార్. … ఆ? … గని ఏంది సార్? … ఆంటీకి… ఆ… మేమా సార్? … బ్లీచింగ్ నీళ్ల తోనే అని… శ్రీశైలం చేసిండని…

… అర్థమైంది సార్. … లేదు సార్, మీరు అట్ల మొక్కద్దు. అర్థమైంది. ఆమె పెట్టిన చెట్లు మీ చేతుల పోయినయని ఆమెకు తెల్వద్దు.

— ఒరేయ్, విన్నవ్ గద. ఏమంటవు? — ఒప్పుకున్నడు సార్. … ఏదో అడుగుతుండు సార్. దండెం ఉంచుతరా అంటుండు. … ఉంచుతరటరా.

… ఉంటం సార్. జాగ్రత్త, మెట్లు తడిగున్నయ్.

… అక్కా. పోయిండు. కత్తి ఇక్కడనే పెట్టిపోయిండు. తీస్కపోండి అంటె వినలే.

… ఆ, రూమ్ ఉన్నది. … సంబురమేనా అంటె… సంబురమే. గని ఆయన మెట్లు దిగుతుంటె గోడ పట్టుకున్నడు అక్కా. ఎప్పుడు పట్టుకోడు.

… అబద్ధం తప్పే. రూమ్ కోసమే ఒప్పుకున్ననా అంటె… మొదలు గట్లనే. ఆయన చేతులు జోడించినంక రూమ్ మతికే రాలే.

… ఆగు, ఇంకో ఫోన్ వస్తున్నది. … ఆంటీ. కింద నుంచి. … అక్కా, నేను మల్ల చేస్త. నువ్వు ముందుగాల తిను, చెయ్యి కడుక్కొని తిను. పెట్టేస్తున్న.

హలో… నేనే ఆంటీ, ప్రేమ్‌సాగర్‌ను. పైననే ఉన్నం.

… సార్ వచ్చేసిన్రు గద కిందికి? … మల్ల స్నానానికి పోయిన్రా. …

… చెట్లా ఆంటీ. … పోయినయ్ ఆంటీ. … అన్నీ. దండెం కింద ఒక్కటి ఉన్నది.

… మాదే తప్పు ఆంటీ. శ్రీశైలం బట్టలు పిండిన బ్లీచింగ్ నీళ్లు కుండీలల్లకు పోయినయ్. మాఫ్ చెయ్యాలె. సార్ మస్తు కోపం చేసిన్రు, చేసుడు గూడ సబబే.

…

… నల్లవా ఆంటీ?

… మొదటి దినం నుంచా.

… అవు, మీరు పెట్టింది తెల్లవి. … మార్కెట్‌వని మీకు ఎరుకనేనా? … మరి దినాం అవే వండిన్రా? … గుత్తి వంకాయ… ఆ… పచ్చడి… పులుసు… కారం పెట్టి… మల్ల గుత్తి వంకాయ.

… చెట్లు నిజంగ దేంతోని పోయినయంటె… బ్లీచింగే ఆంటీ. … నిజం. … బ్లీచింగే.

… కత్తి ఇక్కడనే ఉన్నది ఆంటీ. … ఏందీ? … వేడి నీళ్లల్ల, సబ్బుతోని… కడిగి పంపాలె.

… ఎందుకు ఆంటీ?

…

… దినాం కత్తి పసరుతోనే కిందికి వస్తుండెనా. … ఒక్కో చెట్టుకు కడగాలెనని ఆయనకు చెప్దామనుకున్నరా. … మరి చెప్పకపోయిన్రా? … ఆ. … రిటైరైనప్పటి నుంచి కుర్చీలకెల్లి లేవని మనిషి… పొద్దుగాలనే లేచి పైకి ఉరుకుతుంటె… తప్పని చెప్తె మల్ల మెట్లు ఎక్కడేమోనని.

… చెట్లదేముంది, మల్ల పెట్టుకోవచ్చు. అవు ఆంటీ.

… అనను. మీకు తెల్సని సార్‌కు అనను. … ఒట్టు ఆంటీ. … సార్ గూడ గదే… ఏం లేదు ఆంటీ, సిగ్నల్ కట్ అయితున్నది.

… ఆ, కాయ ఉన్నది, దండెం కింది దానికి. తెల్లది. … కోసి తేవాల్నా? … వద్దా. సార్‌తోనే కోయించాల్నా. కడిగిన కత్తితోని. … ఒక్క దినమన్న ఆయన మాట నిజం కావాలెనని. … కోయిస్త ఆంటీ. శ్రీశైలం బట్టలు తీసేపిస్త అటు దిక్కు.

… మాకెందుకు ఆంటీ, కష్టం. … ఫ్రిజ్జు నిండ వంకాయలే ఉన్నయా. … ఇగ మీతోని అయితలేదా. … వద్దనం. పంపండి ఆంటీ. … అన్నీ నల్లయే గద? … శ్రీశైలం తింటడు ఆంటీ. చెట్లను చంపింది వాడే గద.

… ఉంట ఆంటీ.